మోగితే వేసుకోండి

“నువ్వే చూసి చెప్పు చిన్నోడా. మాకెవరికీ ఆ రాత అర్థం కాదు,” అంటూ పెద్దకోడలి భర్త లాప్‌టాప్‌ను టీపాయ్ మీద తమ్ముడి వైపు తిప్పాడు.

చిన్నోడంటే ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఇంట్లో కంప్యూటర్ అన్న మాట వినిపిస్తే చాలు, అతను చెప్పిందే వేదం. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పెద్దకోడలికి అతన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇక నిజం తేలిపోతుంది అనుకుంది. పిచ్చిది, నిజంగానే అలా అనుకుంది.

అత్తగారిని ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి హాల్లో మంచం మీద పడుకోబెట్టారు. కుడి మణికట్టుకి సిమెంటు కట్టు, కనుబొమ్మ మీద అయిదు కుట్లు. గురువారం ఒక్క పూటలో మూడు బీపీ మాత్రలు మింగి, మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. మాత్ర వేసుకోమని మూడుసార్లు చెప్పింది మనిషి కాదు, ఫోను. ఆ ఫోన్లో ఉన్న యాప్ తయారుచేసింది పెద్దకోడలు.

“తలుపు తోసింది నేను. ఆ తడి నేల మీద అమ్మని చూసింది నేను,” అంది ఆడపడుచు. అప్పటికి ఆ మాట అనడం నాలుగోసారి. ఆవిడ బళ్లో లెక్కలు చెప్పే టీచరమ్మ. ఏ విషయమైనా పిల్లలకి ఎక్కేదాకా చెప్పడం అలవాటు.

చిన్నోడు తెర మీది రాతను వేలితో పైకి జరుపుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. కొంచెంసేపు అక్కడే ఉండి, మళ్లీ కదిలింది. ఆగిన సంగతి పెద్దకోడలు చూసింది.

“వేసుకున్నాను అన్న బటన్ అమ్మ నొక్కుతుంది. నొక్కిన సంగతిని ఫోన్లో దాచిపెట్టాలి. ఇందులో దాచలేదు,” అన్నాడు. “అందుకే ఫోన్ ఆగిపోయి మళ్లీ ఆన్ అయితే యాప్ అంతా మర్చిపోతుంది. మొదటి నుంచీ మోగుతుంది.”

గురువారం వీధిలో కరెంటు పని జరిగింది. పాత ఫోను, వైరు పెట్టి ఉంచితే తప్ప నిలవదు. కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయింది, వచ్చినప్పుడల్లా అత్తగారు ఆన్ చేసింది. ఇక లెక్క చెప్పడానికి టీచరమ్మ కూడా అక్కర్లేదు.

“నేను దాచాను. అదొక్కటీ నాకు బాగా గుర్తు. పోయిన ఆదివారం మీరే కదా కొంచెం మార్చింది?” అంది పెద్దకోడలు.

“నేనా?” చిన్నోడు నవ్వాడు. “నేను బటన్ పెద్దది చేశాను వదినా. రంగు మార్చాను. అంతే.”

అక్కడితో ఆగినా సరిపోయేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కలిపాడు. ఇలాంటివి తను నిద్రలో కూడా రాయగలడనీ, ఇంత చిన్న తప్పు తన దగ్గర జరగదనీ, కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఇక్కడే బోల్తా పడతారనీ అన్నాడు.

“నలభై ఒక్కేళ్లొచ్చాక అఆలు దిద్దుకోవడం తప్పు కాదమ్మా,” అంది ఆడపడుచు మెత్తగా. “ఆ దిద్దుకునే పలక మా అమ్మ అవ్వాలా?”

అత్తగారు కప్పువైపు చూస్తూ పడుకుంది. కొడుకు అబద్ధం ఆడుతున్నాడని గానీ, కోడలు తప్పుచేసిందని గానీ ఆ ముఖంలో ఏమీ కనిపించలేదు.

భర్త లాప్‌టాప్ మూత దించాడు. రేపు ఎక్కడికీ వెళ్లక్కర్లేదన్నాడు. కంప్యూటర్ క్లాసుకీ వద్దు, ఆ నర్సుల కంపెనీకీ వద్దు. చేసిన ఘనకార్యం చాలు, ఇంట్లో పడున్న మనిషిని చూసుకోమన్నాడు. ‘ఘనకార్యం’ అన్న మాట దగ్గర ఆడపడుచు నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ పూట అక్కడ తోడికోడలు లేని లోటు ఆడపడుచు తీర్చింది.

వెళ్లేటప్పుడు చిన్నోడు చెప్పులేసుకుంటూ వదిన వైపు వంగి, ఎంతో దయగా, “బాధపడకండి వదినా. నేర్చుకునేటప్పుడు అందరూ తప్పులు చేస్తారు,” అన్నాడు.

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

* * *

రేపు పదకొండు గంటలకి ఏముందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇళ్లకి నర్సులను పంపే కంపెనీ ఒకటి, క్లాసులో నేర్చుకుంటున్న ఇరవైరెండు మందిలోంచి ఇద్దరిని పనిలోకి తీసుకుంటానంది. వడపోతలో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో పెద్దకోడలు ఒకతె. తను చేసిన యాప్ వాళ్ల ముందు నడిపి చూపించాలి. ఆ తర్వాత, ఆ యాప్‌ను ఇంట్లో వాడుతున్న మనిషితో వాళ్లు ఫోన్లో మాట్లాడతారు. వాడుతున్న మనిషి అత్తగారు.

ఆ ఉద్యోగం కోసం ఆమె ఎంత ఆశపడిందో ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో ఆమె చేసిన ఏ పనీ సాయంత్రానికి మిగల్లేదు. కడిగిన గిన్నె మళ్లీ మాసింది, ఉతికిన దుప్పటి మళ్లీ నలిగింది. రాసిన ప్రోగ్రాం మాత్రం మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంది. మొదటిరోజు అది చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

లాప్‌టాప్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, బట్టల కిందనుంచి పొడుగు నోట్‌బుక్ తీసింది.

ఆ నోట్‌బుక్కుకి ఒక కథ ఉంది. క్లాసులో చేరిన మొదటి రెండు నెలలూ ఆమెకి లాప్‌టాప్ లేదు. అక్కడి కంప్యూటర్ దగ్గర ఆమె వంతు రోజుకి గంటే వచ్చేది. అందుకని ప్రోగ్రాం మొత్తం ముందు ఇంట్లో పెన్నుతో రాసుకుని, క్లాసులో ఆ గంటలో టైపు చేసేది. కుర్రకారు ‘నోట్‌బుక్ ఆంటీ’ అని పేరు పెట్టారు. పాఠం చెప్పే మేడమ్‌కి ఇరవై ఆరేళ్లు, ఆమె కూడా మొదట నవ్వింది. తర్వాత లాప్‌టాప్ వచ్చినా ఈమె అలవాటు పోలేదు. ప్రతి లైనూ ముందు కాగితం మీద, తారీకు వేసి, ఆ తర్వాతే తెరమీద.

అరవై ఒకటో పేజీ తీసింది. మేడమ్ చెప్పిన మాటే పైన రాసుకుంది: యాప్ మనసులో పెట్టుకున్నది పలక మీద రాత, ఫోన్ ఆగితే చెరిగిపోతుంది, ఉండాలంటే పుస్తకంలోకి ఎక్కించాలి. దాని కింద నాలుగు లైన్లు. మాత్ర వేసుకున్న సంగతిని తారీకుతో సహా ఫోన్ పుస్తకంలోకి ఎక్కించే లైన్లు.

లాప్‌టాప్ మూత మళ్లీ ఎత్తి చూసింది. తెర మీద ఆ నాలుగు లైన్లూ లేవు.

మూడుసార్లు చూసింది. టైపు చేసేటప్పుడు తనే వదిలేసిందేమో అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో పరీక్ష కోసం అదే యాప్‌ను తన ఫోన్లో కూడా వేసుకుంది. చిన్నోడు మార్చి వేసింది అత్తగారి ఫోన్లో మాత్రమే. తన ఫోన్లో పాతది అలాగే ఉంది.

హాల్లోంచి అత్తగారి ఫోన్ తెచ్చి, రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టింది. రెండింట్లోనూ ‘వేసుకున్నాను’ నొక్కింది. రెండూ ఆపింది. రెండూ ఆన్ చేసింది.

తన ఫోన్ నోరెత్తలేదు. అత్తగారి ఫోన్ గదంతా అదిరేలా మోగింది.

చేత్తో నొక్కి ఆపి, దిండు కింద కుక్కింది. సంతోషం పొంగుకొచ్చింది. తప్పు తనది కాదు.

పూర్తిగా కాదు, అని లోపల ఏదో గొణిగింది. నీ కోడ్‌ను ఎవరు ముట్టుకున్నా మొదటి నుంచీ మళ్లీ పరీక్షించుకోమని మేడమ్ వందసార్లు చెప్పింది. పరీక్షించలేదు. ఎందుకు పరీక్షించలేదంటే, పన్నెండేళ్ల అనుభవం ఉన్న మనిషి తన రాతను చదివాడని, స్వయంగా దిద్దాడని మురిసిపోయింది. ఆ వారమంతా క్లాసులో ‘మా మరిది కూడా చూశాడు’ అని చెప్పుకుంది.

* * *

షాపుకి వెళ్లడానికి చొక్కా మార్చుకుందామని భర్త గదిలోకి వచ్చాడు. ఆమె రెండు ఫోన్లూ అతని ముందు ఆపింది, ఆన్ చేసింది. ఒకటి ఊరుకుంది, ఒకటి మోగింది.

“ఇది నేను రాసింది. ఇది మీ తమ్ముడు మార్చాక. ఇది నా నోట్‌బుక్, తారీకు చూడండి.”

అతనిది కళ్లజోళ్ల షాపు. రోజంతా జనాల కళ్ల ముందు రెండు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ‘ఇది బాగుందా, ఇదా’ అని అడగడమే అతని పని. తేడా అతనికి ఇట్టే కనిపించింది. కనిపించిందని ఆమెకీ తెలిసింది.

మంచం అంచున కూలబడ్డాడు. వేసుకున్న చొక్కాకి గుండీలు పెట్టుకోకుండా అలాగే కూచున్నాడు.

“ఇంకెవరికైనా చూపించావా?”

అదీ అతని మొదటి మాట. ఆ ఒక్క మాటతో ఆమెకి మిగతాదంతా అర్థమైపోయింది.

“లేదు.”

“చూపించకు.”

తర్వాత నిదానంగా, షాపులో బేరం చెప్పినట్టు, కారణాలన్నీ చెప్పుకొచ్చాడు. చిన్నోడి వల్ల ఇలా జరిగిందంటే అమ్మ తట్టుకోలేదట. అక్క వాడి గడప తొక్కదట. వాడు రోషం మనిషి, మళ్లీ ఈ ఇంటికి రాడట. ఇప్పుడిప్పుడే మందులతో కోలుకుంటున్న ఆవిడ ముందు ఈ గొడవంతా పెట్టడం న్యాయమా అని అడిగాడు. న్యాయం గురించి అతను అడుగుతున్నది తననే.

“మరి నేను?”

“నువ్వు నేర్చుకునేదానివి. నీ తప్పంటే ఎవరికీ వింతగా ఉండదు,” అన్నాడు. అందులో కోపం లేదు. ఆలోచించి, సబబే అనుకుని అన్న మాట. “నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు. వాడికి అలా కాదు. వాడికో పేరుంది.”

“నాకు లేదా?”

అతను గుండీలు పెట్టుకున్నాడు. లేచి, ఆమె ఒళ్లోని నోట్‌బుక్ తీసి, చిన్నపిల్లలకి అందకుండా కత్తెర దాచినట్టు బీరువా మీదికి తోశాడు. లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లిపోయాడు. పోతూ పోతూ, అమ్మకి టీ పెట్టమని చెప్పాడు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో అతన్ని అంత అసహ్యించుకున్న రోజు ఆమెకి ఇంకోటి గుర్తురాలేదు.

* * *

మధ్యాహ్నం ఆడపడుచు కూడా వెళ్లిపోయింది. వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు మీద మాత్రల పట్టిక అంటించింది. ఎర్ర సిరాతో, ప్రతి పూటకీ ఒక గడి. కింద ‘ఫోన్ వాడరాదు’ అని రాసి రెండు గీతలు గీసింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. పెద్దకోడలు టీ పెట్టింది. పెడుతూ ఆలోచించింది. భర్తకి తెలిసి లాభం లేదు. మరిదికి మొదటి నుంచీ తెలుసు. ఇక మిగిలింది ఒక్క మనిషి. రేపు పదకొండింటికి ఫోన్లో మాట్లాడాల్సిందీ ఆ మనిషే. ఆవిడకి కళ్లతో చూపిస్తే, ఆవిడ నోటితో ఒక్క మాట చెబితే, ఇంకెవరితోనూ పనిలేదు.

నీ కన్నకొడుకే నిన్ను ఇలా పడేశాడని తల్లికి చెప్పడానికి బయల్దేరుతున్నానని ఆమెకి తెలుసు. ఆ కుట్లు గుర్తొచ్చినా జాలి కలగలేదు. నొప్పి పెట్టాలనే ఉంది. టీ గ్లాసు ఒక చేత, రెండు ఫోన్లు ఇంకో చేత పట్టుకుని వెళ్లింది.

“అవి అక్కడ పెట్టు,” అంది అత్తగారు. “మోగించి చూపించక్కర్లేదు. చిన్నోడు చేసిందే.”

టీ తొణికి చేతి మీద పడింది.

“ఆదివారం నా పక్కనే కూచుని చేశాడు. ‘వదిన చాంతాడంత రాసిందమ్మా, కత్తిరించి పారేశా’ అని నవ్వాడు. ఒక చెవిన ఫోనుంది వాడికి. ఎవరితోనో మాట్లాడుతూనే చేశాడు.”

“మరి పొద్దున అందరి ముందూ ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“చెబితే ఎవరు నమ్ముతారే? మతిమరుపు మనిషిని.”

నిజమే. ఆ పేరు ఇంట్లో అందరూ కలిసి పెట్టారు. పోయిన ఏడాది రెండుసార్లు పొయ్యి మీద పాలు మాడ్చింది, ఒకసారి తాళంచెవి పారేసింది. అప్పటినుంచి ఆవిడ ఏం చెప్పినా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సరేలే అమ్మా అంటారు. పెద్దకోడలూ అన్నది.

“కూచో,” అంది అత్తగారు. ఎడం చేత్తో టీ గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది. “ఇంకో మాట చెప్తాను. గురువారం రెండోసారి మోగినప్పుడు నాకు తెలుసు, పొద్దున వేసుకున్నానని. ఎనిమిదింటికి వేసుకున్నాను. గ్లాసులో సగం నీళ్లు మిగిలితే మూత పెట్టాను. ఆ గ్లాసు ఎదురుగానే ఉంది.”

“తెలిసి మళ్లీ ఎందుకు వేసుకున్నారు?”

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. పొద్దున్నుంచీ ఆవిడ ఎవరి ముఖంలోకీ చూడలేదు.

“ఈ యాప్ నా ఫోన్లో పెట్టిన రోజు నువ్వేమన్నావు? ‘మీరు ఇంక గుర్తుపెట్టుకోనక్కర్లేదు అత్తయ్యా. మీ బుర్రని నమ్మకండి, ఫోన్‌ని నమ్మండి. మోగితే వేసుకోండి, మోగకపోతే వద్దు’ అన్నావు. నాతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నావు.”

అన్నది. నవ్వుతూ అన్నది. మర్నాడు క్లాసులో ఆ మాట చెప్పి, అందరి చేతా నవ్వించింది కూడా.

“రెండోసారి మోగితే, నేను వేసుకున్నాను కదా అనుకున్నాను. ఫోన్ కాదంది. నువ్వు చెప్పినట్టే ఫోన్‌ని నమ్మాను. మూడోసారి మోగేసరికి, అసలు పొద్దున వేసుకున్నానా లేదా అని నాకే అనుమానం వచ్చింది. గ్లాసు చూశాను. అది నిన్నటి గ్లాసేమో అనిపించింది.” ఆవిడ గ్లాసులో మిగిలిన టీ తాగేసింది. “వాడు తీసేసింది నాలుగు లైన్లు. నా మీద నాకున్న నమ్మకం తీసేసింది మీరందరూ. చివరి ముక్క తీసింది నువ్వు.”

అరవై ఒకటో పేజీ ఉంది, తారీకు ఉంది, రెండు ఫోన్లున్నాయి. దీనికి మాత్రం పెద్దకోడలి దగ్గర ఏ పేజీ లేదు. “క్షమించండి అత్తయ్యా” అనబోయింది. ఆ మాట ఉద్యోగం కోసం అంటున్నట్టు తనకే వినిపించి, మింగేసింది.

అత్తగారే అంది. “రేపు పదకొండింటికి కదా వాళ్లు నాతో మాట్లాడేది?”

“మీ అబ్బాయి వెళ్లొద్దన్నారు. లాప్‌టాప్ షాపుకి తీసుకెళ్లారు.”

“సాయంత్రం రాగానే తిరిగి ఇమ్మని నేను చెప్తాను. కట్టు చెయ్యి చూపించి చెబితే వాడు కాదనడు. నువ్వు వెళ్లు. ఆ ఫోన్ మాత్రం నా దిండు దగ్గర పెట్టి, వైరు తగిలించి వెళ్లు.”

ఆశంత చెడ్డది ఇంకోటి లేదు. చచ్చిందనుకున్నది మళ్లీ లేచి కూచుంది. పెద్దకోడలు మంచం పక్కన నేల మీద కూచుని, ఆవిడ మంచి చెయ్యి పట్టుకుంది. అత్తగారు లాక్కోలేదు, అలాగని తిరిగి పట్టుకోనూ లేదు.

“వాళ్లు అడిగితే ఏం చెప్తారు అత్తయ్యా?”

అత్తగారు ఖాళీ గ్లాసు కోడలి చేతిలో పెట్టి, కట్టు చెయ్యి గుండెల మీద సర్దుకుని, గోడవైపు తిరిగింది.

“నాకు గుర్తున్నదంతా చెప్తాను.”